మీ లోగో మధ్యలో ఉన్న పేరు ఫాంటు కాదు

మీరు అడిగింది ఇదీ: కాకినాడలో మీ తాతగారి కాలం నుంచి ఉన్న కాఫీ పొడి కొట్టుకు గుండ్రటి బ్యాడ్జీ లాంటి పాతకాలపు లోగో ఉంది, అది కూడా అప్పటిదేనని మీ మాట. చేసిన డిజైనర్ ఇప్పుడు దొరకడం లేదు, ఒరిజినల్ ఫైలు లేదు, వాట్సాప్‌లో వచ్చిన జేపెగ్ ఒక్కటే మిగిలింది. ఇప్పుడు టీ పొడి కూడా మొదలుపెడుతున్నారు, దాని ప్యాకెట్ మీద అవే అక్షరాలు కావాలి. ఫాంట్లు గుర్తుపట్టే వెబ్‌సైట్లలో పెడితే మధ్యలో ఉన్న పేరుకు ఒకటి లాబ్‌స్టర్ అంటోంది, ఇంకొకటి బ్రష్ స్క్రిప్ట్ అంటోంది. కొట్టి చూస్తే రెండూ కుదరడం లేదు.

కుదరవు. ఎందుకంటే మధ్యలో ఉన్నది ఫాంటే కాదు. చుట్టూ ఉన్న మిగతా వరుసలు మాత్రం ఫాంట్లే, వాటిలో మూడింటి పేర్లు చెప్పగలను. మీ టీ ప్యాకెట్‌కు పనికొచ్చే ఫాంట్లు కూడా ఆ మూడే.

ఆ వెబ్‌సైట్ల గురించి ఒక మాట ముందే చెప్పాలి. మీరు ఏ బొమ్మ ఇచ్చినా తమ దగ్గరున్న వాటిలో దగ్గరి పోలిక ఉన్నవాటిని వరసగా చూపించడమే వాటి పని. 'ఇది చేత్తో రాసిన అక్షరం, దీనికి ఫాంటు లేదు' అని అవి చెప్పవు. వాట్‌ద‌ఫాంట్ అనే గుర్తుపట్టే సైటును నడిపే మైఫాంట్స్ అసలు ఫాంట్లు అమ్మే సంస్థ, కాబట్టి తన దుకాణంలో ఉన్న సరుకునే చూపిస్తుంది. కొద్దిగా లావుగా, ఒరిగి, కలిపి రాసినట్టున్న ఏ అక్షరాన్ని ఇచ్చినా లాబ్‌స్టర్ వచ్చేస్తుంది. పాబ్లో ఇంపల్లారి 2010లో దాన్ని ఉచితంగా విడుదల చేశాక టిఫిన్ సెంటర్ల నుంచి పెళ్లి కార్డుల దాకా అంతటా అదే కనిపిస్తోంది మరి.

పాతకాలపు లోగోల్లో పెద్ద పేర్లు ఫాంట్లు కాకపోవడం మామూలే. కోకాకోలా అక్షరాలను 1886లో అట్లాంటాలో ఫ్రాంక్ రాబిన్‌సన్ రాశాడు. ఆయన ఆ కంపెనీ లెక్కలు చూసే మనిషి. అప్పట్లో అమెరికాలో ఉత్తరాలకూ చిట్టా పద్దులకూ వాడిన స్పెన్సీరియన్ దస్తూరీ అది. దాని ఫాంటు ఏదని నేటికీ అడుగుతూనే ఉంటారు. నెట్‌లో దొరికేవన్నీ ఆ లోగోను చూసి తర్వాత ఎవరెవరో గీసినవే.

ఇక మీ లోగోకు వద్దాం. ఏది ఫాంటో ఏది కాదో తేల్చడానికి నేను మొదట చూసేది ఒకటే: ఒకే అక్షరం రెండుసార్లు ఎక్కడ వచ్చిందా అని. ఈ విషయంలో మనవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. తెలుగు పేర్లను ఇంగ్లిషులో రాస్తే ఎ అక్షరం తరచూ రెండు మూడుసార్లు వస్తుంది. మీ కొట్టు పేరులో మూడుసార్లు వచ్చింది. ఆ మూడింటినీ కత్తిరించి ఒకదాని మీద ఒకటి పెట్టి, పైదాన్ని సగం పారదర్శకం చేసి చూశాను. మూడూ మూడు రకాలు.

కానీ ఇక్కడే తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఇప్పటి మంచి స్క్రిప్ట్ ఫాంట్లలో ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు పెడుతున్నారు. పక్కన ఏ అక్షరం వస్తే దానికి తగ్గ రూపం తనంతట తానే పడుతుంది. లాబ్‌స్టర్ ప్రత్యేకత కూడా అదే. అతుకులు కుదరడం కోసం అక్షరం అందం పోగొట్టకుండా, జంట అక్షరాలకు విడిగా రూపాలు గీశారు. అందుకని తేడా ఉందా లేదా అన్నది చాలదు, తేడా ఎక్కడ ఉందో చూడాలి. తోకలోనో అతుకు గీతలోనో మాత్రమే ఉంటే అది ఫాంటే కావచ్చు. అక్షరం ఎముకల్లో ఉంటే, అంటే గీత మందం, ఒరిగిన కోణం, లోపలి ఖాళీ ఆకారం మారితే అది చెయ్యి. మీ మూడు ఎ అక్షరాల్లో మొదటిదాని బొజ్జ గుండ్రంగా ఉంది, రెండోది నొక్కినట్టు కోలగా ఉంది. మూడోది కాస్త ఎక్కువ ఒరిగింది, బహుశా రాసేటప్పుడు ఆ చివర జాగా తగ్గి సర్దుకుని ఉంటారు. ఫాంటు గీసేవాళ్లెవరూ ఇలా చేయరు. కుంచెతో రాసే మనిషి మాత్రమే ఇలా సర్దుకుంటాడు.

మీరు కొట్టు ముందున్న పాత రేకు బోర్డు ఫొటో కూడా పెట్టడం చాలా మంచిదైంది. పక్క నుంచి తీసిన ఫొటో కాబట్టి ముందుగా బోర్డు నాలుగు మూలలూ చూసుకుని దాన్ని సరైన దీర్ఘచతురస్రంగా సాగదీశాను. తర్వాత లోగోలోని పేరును దాని మీద పరిచాను. సరిగ్గా కూర్చుంది. మూడో ఎ ఒరుగు కూడా అలాగే ఉంది. అంటే మీ డిజైనర్ కొత్తగా ఏదీ వెతుక్కోలేదు, మీ బోర్డు మీది పేరునే ట్రేస్ చేసి మధ్యలో పెట్టాడు. బోర్డులో లేనిది ఒక్క తోక, పేరు కింద నుంచి వెనక్కి తిరిగి వచ్చే ఆ పొడుగు గీత. అమెరికన్ బేస్‌బాల్ జెర్సీల మీద ఉండే పద్ధతి అది, తర్వాత అతికించిందే. దగ్గరగా చూడండి: పేరులో గీతల అంచులు కుంచె జారినట్టు మెల్లగా మారతాయి, తోక అంచు మాత్రం కంప్యూటర్ గీతలా నున్నగా ఉంటుంది.

ఆ బోర్డు రాసిన ఆర్టిస్టు ఎవరో మీ నాన్నగారిని తప్పకుండా అడగండి. సున్నపు దారంతో గీతలు కొట్టుకుని, ఎనామిల్ రంగుతో, చెరిపి దిద్దే వీలు లేకుండా అంత పొందికగా ఇంగ్లిషు స్క్రిప్ట్ రాయడం చిన్న విద్య కాదు. అలాంటి చేతిరాత మీ కొట్టుకు ఉందంటే, దానికి దీటైన ఫాంటు కోసం వెతకడం కంటే దాన్నే భద్రంగా కాపాడుకోవడం మేలు.

ఇప్పుడు పైన వంపుగా ఉన్న వరుస, 'ఫిల్టర్ కాఫీ పౌడర్' అని ఇంగ్లిషు పెద్దక్షరాల్లో ఉన్నది. ఇందులో ఇ నాలుగుసార్లు, ఎఫ్ మూడుసార్లు, ఆర్ రెండుసార్లు వస్తాయి. పరీక్షకు ఇంతకంటే మంచి వరుస దొరకదు. అయితే వంపులో ఉన్న అక్షరాలను పోల్చే ముందు ఆ వంపు ఎలా తెచ్చారో తేల్చుకోవాలి. అక్షరాల నిలువు గీతలు సైకిల్ చక్రం ఊచల్లా మధ్య నుంచి విచ్చుకుంటూ ఉంటే మాటను గుండ్రటి గీత మీద నడిపించారని అర్థం. అప్పుడు ఒక్కో అక్షరం ఆకారం చెడదు, తిప్పి నిటారుగా పెట్టుకుంటే చాలు. నిలువు గీతలన్నీ నిటారుగానే ఉండి పైఅంచూ కిందిఅంచూ మాత్రమే వంగితే మాటను మొత్తంగా సాగదీశారని. అప్పుడు మధ్య అక్షరం ఒక కొలత, చివరి అక్షరం ఇంకో కొలత అవుతుంది, కొలతలు పెట్టుకుని పోల్చడం దండగ. మీది మొదటి రకం.

తిప్పి పరిచి చూస్తే నాలుగు ఇలూ ఒకే అచ్చు. మీద ఉన్న గీకుళ్లు, మచ్చలు మాత్రం నాలుగింటికీ వేరు వేరు. ఇది కూడా పనికొచ్చే ఆనవాలే. ముందే అరిగిపోయినట్టు గీసిన ఫాంట్లు కొన్ని ఉంటాయి, వాటిలో ప్రతి ఇకీ అదే చోట అదే గాటు ఉంటుంది. మీ లోగోలో ఒక గీకుడు ఆర్ మీద మొదలై బయటి వలయం దాకా పోయింది. అంటే అంతా పూర్తయ్యాక పైన ఒక టెక్స్చర్ పరిచారు. ఫాంటు శుభ్రమైనదే.

పేరు విషయానికొస్తే, ఇలాంటి ఇరుకు అక్షరాలకు మూడు ఉచిత ఫాంట్లు ఎప్పుడూ పోటీ పడతాయి: లీగ్ గోథిక్, ఆస్వాల్డ్, బెబాస్ న్యూ. లీగ్ గోథిక్ అనేది మోరిస్ ఫుల్లర్ బెంటన్ అమెరికన్ టైప్ ఫౌండర్స్ అనే అచ్చు అక్షరాల కంపెనీకి 1903లో చేసిన ఆల్టర్నేట్ గోథిక్‌కు నేటి రూపం. వెర్నన్ ఆడమ్స్ చేసిన ఆస్వాల్డ్ కూడా ఆ పాత గోథిక్‌ల బాటలోదే. బెబాస్ న్యూ జపాన్‌కు చెందిన ర్యోయిచి సునెకావా 2010లో విడుదల చేసింది, అందులో చిన్నక్షరాలు ఉండవు. చిన్న బొమ్మలో ఈ మూడింటినీ కంటితో విడదీయడం కష్టం. వెడల్పు మాత్రం అబద్ధం చెప్పదు. మూడు ఫాంట్లలోనూ అదే మాట కొట్టి, ఎత్తు సమానం చేసి పక్కపక్కన పెట్టండి. లీగ్ గోథిక్‌లో మాట పొట్టిగా ముగుస్తుంది, ఆస్వాల్డ్‌లో పొడుగ్గా సాగుతుంది, బెబాస్ మధ్యలో ఉంటుంది. డిజైనర్ అక్షరాల మధ్య ఎడం పెంచి ఉండొచ్చు కాబట్టి మాట మొత్తం వెడల్పు కాకుండా ఒక్కో అక్షరం వెడల్పు కొలవాలి. మీది బెబాస్ న్యూ. ఇ, ఎఫ్, ఆర్ మూడూ కొలతకు కొలత సరిపోయాయి.

దీని నుంచి ఇంకో విషయం తేలుతుంది. ఈ బ్యాడ్జీ మొత్తం తాతగారి కాలం నుంచే ఉందని మీరు రాశారు. 2010లో పుట్టిన ఫాంటు దాని మీద ఉంది కాబట్టి బ్యాడ్జీ అంతకు ముందుది కాలేదు. మధ్యలోని పేరు పాతది, చుట్టూ ఉన్న అలంకారం కొత్తది. ఏ పాత లోగో వయసు తేల్చాలన్నా ఇది గట్టి పద్ధతి, అందులోని అన్నిటికంటే కొత్త ఫాంటు ఏదో చూస్తే చాలు. ఈ విషయం ట్రేడ్‌మార్క్ కాగితాల్లో 'ఫలానా ఏడాది నుంచి వాడుతున్నాం' అని రాసేటప్పుడు అవసరం పడుతుంది. పేరు వాడకం ఒక తేదీ, ఈ బొమ్మ వాడకం ఇంకో తేదీ. అది మీ లాయర్‌తో మాట్లాడుకోండి.

ఒకే లోగోలో ఇన్ని రకాల అక్షరాలు ఎందుకు కలుపుతారని కూడా అడిగారు కదా. ఈ అలవాటు పందొమ్మిదో శతాబ్దపు అమెరికా, ఇంగ్లండ్ పోస్టర్ల నుంచి వచ్చింది. న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ 1827లో చెక్క టైపును, అంటే అచ్చుకు వాడే చెక్క అక్షరాలను, యంత్రంతో కోయడం మొదలుపెట్టాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్ అనే నకలు తీసే పరికరం జోడించాడు. ఒక్క నమూనా ఉంటే చాలు, అదే అక్షరాన్ని ఎన్ని సైజుల్లో కావాలంటే అన్ని సైజుల్లో చౌకగా కోయొచ్చు. దాంతో రకరకాల వెడల్పుల్లో పెద్ద అక్షరాలు ప్రెస్సులకు వచ్చి పడ్డాయి. పోస్టర్‌లో ప్రతి వరుసా ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండాలి. పొడుగు మాటకు ఇరుకు అక్షరం, పొట్టి మాటకు వెడల్పు అక్షరం పెట్టి నింపేవారు. ఈ కాలం డిజైనర్లు వింటేజ్ లుక్ అనేది ఆ సర్దుబాటునే. అందుకే ఇలాంటి లోగో చూసి 'దీని ఫాంటు ఏది' అని ఒక్క ప్రశ్న వేస్తే జవాబు రాదు. ఒక్కో వరుసనూ విడదీసి విడిగా అడగాలి. మీరు మొత్తం బ్యాడ్జీని ఒకేసారి వెబ్‌సైట్లో పెట్టారు, అది గందరగోళపడింది.

కింది వరుస, ఊరి పేరు. కాకినాడను ఇంగ్లిషులో రాస్తే కె రెండుసార్లు, ఎ మూడుసార్లు, నిజంగా వరం. మూడు ఎలూ ఒకటే, రెండు కెలూ ఒకటే, కాబట్టి ఫాంటే. దీనికి వెబ్‌సైట్ బ్యాంక్ గోథిక్ అని చెప్పిందన్నారు. తప్పు వాట్సాప్‌ది. బొమ్మను కుదించేటప్పుడు అక్షరాల మూలల్లో ఉన్న సన్నటి ముల్లుల్లాంటి గీతలు చెరిగిపోయాయి. జూమ్ చేస్తే కె కాళ్ల చివర, ఎ కాళ్ల చివర మూలలు కాస్త బయటికి పొడుచుకొచ్చినట్టు మసక కనిపిస్తుంది. ఆ మసకే కాపర్‌ప్లేట్ గోథిక్ సంతకం. ఫ్రెడరిక్ గౌడీ 1901లో అమెరికన్ టైప్ ఫౌండర్స్ కోసం గీసింది. రాగి రేకు మీద చెక్కి అచ్చువేసిన విజిటింగ్ కార్డుల పద్ధతిని అనుకరిస్తుంది, దీనిలోనూ చిన్నక్షరాలు లేవు. అనుమానం ఉంటే డి చూడండి. బ్యాంక్ గోథిక్ కూడా బెంటన్ చేసిందే, 1930 నాటిది, అందులో వంపులన్నీ డబ్బా మూలల్లా చతురస్రంగా తిరుగుతాయి. మీ డి పొట్ట గుండ్రంగా తిరిగింది. మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో పాటే కాపర్‌ప్లేట్ గోథిక్ వచ్చేది కాబట్టి మన డీటీపీ సెంటర్లలో దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ కనిపిస్తుంది. మీ డిజైనర్‌కూ అలాగే చేతికి అంది ఉంటుంది.

పేరుకు అటు 19, ఇటు 68 అని విడగొట్టిన అంకెలు క్లారెండన్ తరహావి, 6కూ 9కీ చివర గుండ్రటి బొట్టు ఉంది చూశారా. లండన్‌లో రాబర్ట్ బెస్లీ 1845లో తెచ్చిన అక్షరాల వంశం. ఏ కంపెనీ క్లారెండనో తేల్చడానికి నాలుగు అంకెలు చాలవు, తేల్చాల్సిన అవసరమూ లేదు. మీ కొట్టు పెట్టిన సంవత్సరం ఎప్పటికీ మారదు. బొమ్మగానే ఉంచేయండి.

అడుగున ఉన్న తెలుగు వరుస దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాను. 'తాజా కాఫీ పొడి' అని బోర్డు మీదా ఉంది, లోగోలోనూ ఉంది. కానీ రెండూ ఒకటి కాదు. బోర్డులో తా దీర్ఘం, కా దీర్ఘం వేర్వేరు పొడవుల్లో ఉన్నాయి. లోగోలో రెండు దీర్ఘాలూ ఒకే అచ్చు. అంటే ఇంగ్లిషు పేరును బోర్డు నుంచి తీసుకున్న మనిషి తెలుగును మాత్రం టైప్ చేశాడు. నాకు ఇది బాధగానే అనిపించింది, ఎందుకంటే బోర్డు మీది తెలుగు అక్షరాలే మొత్తంలో అన్నిటికంటే అందంగా ఉన్నాయి. ఆ ఫ చూడండి, అందులో కుంచె తిరిగిన తీరు చూడండి.

తెలుగులో ఫాంటు గుర్తించేటప్పుడు మొదట అది 'అను' ఫాంట్ల లాంటి పాత పద్ధతి ఫాంటా, ఇప్పుడు ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ వాడే యూనికోడ్ ఫాంటా అని తేల్చుకుంటే సగం పని అయిపోతుంది. పాత ఫాంట్లకు మొత్తం 256 గళ్లే ఉండేవి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కలిపితే వచ్చే రూపాలకు అవి ఏ మూలకూ చాలవు. అందుకే తలకట్టు, గుడి, ఒత్తు లాంటివాటిని ముక్కలుగా గీసి, టైప్ చేసేటప్పుడు ఒకదానికొకటి అతికేలా పెట్టారు. ఆ అతుకు దగ్గర చిన్న నొక్కు గానీ సన్నటి సందు గానీ మిగులుతుంది, ఒత్తు పక్క అక్షరం మీదికి ఎక్కుతుంది. కోరల్‌డ్రాలో వైర్‌ఫ్రేమ్ (అంచు గీతలు మాత్రమే కనిపించే పద్ధతి) పెట్టి చూస్తే ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండటం స్పష్టంగా కనిపిస్తుంది. మీ లోగోలో ఫీ మీద గుడి దీర్ఘం, డి మీద గుడి అక్షరంతో ఏకంగా కలిసిపోయి ఉన్నాయి, నొక్కు లేదు. కాబట్టి యూనికోడ్ ఫాంటు. అంత లావైన అక్షరాలున్న ఉచిత తెలుగు ఫాంట్లు కొన్నే ఉన్నాయి. సిలికాన్ ఆంధ్రా వారు విడుదల చేసిన వాటిలో రామభద్ర పెట్టి చూశాను, సరిపోయింది. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది.

ఇక ప్యాకెట్ ఎలా చేయాలి? కొట్టు పేరును కొత్తగా ఏ స్క్రిప్ట్ ఫాంటులోనూ కొట్టకండి. రేకు బోర్డును మళ్లీ ఫొటో తీయించండి. సరిగ్గా ఎదురుగా, కాస్త దూరంగా నిలబడి జూమ్ చేసి, ఎండ నేరుగా పడని వేళ, ఫ్లాష్ లేకుండా తీయాలి, లేకపోతే ఎనామిల్ మీద వెలుగు మెరిసి అంచులు పోతాయి. పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. దాన్ని పెన్ టూల్‌తో చేత్తో ట్రేస్ చేయించండి. ఆటో ట్రేస్ వద్దు, కుంచె అంచులన్నీ మెట్లు మెట్లుగా వస్తాయి. తెలుగు వరుసను కూడా అప్పుడే ట్రేస్ చేయించుకుంటే రామభద్ర బదులు మీ బోర్డు తెలుగే వాడుకోవచ్చు. నా సలహా అయితే అదే.

'టీ పౌడర్' అన్న మాటను పేరులాంటి స్క్రిప్ట్‌లో రాయించాలని మీకు ఉంది, అది అర్థమైంది. అయినా వద్దంటాను. బోర్డు మీద ఉన్నవి కొన్ని అక్షరాలే, లేనివాటిని ఊహించి గీస్తే పక్కపక్కన పెట్టినప్పుడు తేడా తెలిసిపోతుంది, పేరు బలం కూడా తగ్గుతుంది. సరుకు పేరు బెబాస్ న్యూలో పెద్దగా, ఊరి పేరు కాపర్‌ప్లేట్‌లో అలాగే ఉంచితే కాఫీ ప్యాకెట్, టీ ప్యాకెట్ ఒకే ఇంటివని ఎవరికైనా తెలుస్తుంది. అప్పటికీ స్క్రిప్టే కావాలంటే ఫాంటు కొనకుండా, కుంచెతో రాసే ఆర్టిస్టు ఎవరినైనా పట్టుకుని బోర్డు చూపించి ఆ రెండు మాటలే రాయించుకోండి.

బెబాస్ న్యూ, రామభద్ర రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి, వ్యాపారానికి నిశ్చింతగా వాడుకోవచ్చు. కాపర్‌ప్లేట్ గోథిక్ అలా కాదు, లైసెన్స్ ఉన్న కంప్యూటర్‌లోనే డిజైన్ చేయించండి, ఫాంటు ఫైలును ప్రెస్‌కు పంపకండి. ప్రెస్‌కు ఇచ్చే ఫైలులో అక్షరాలన్నీ కర్వ్స్‌గా, అంటే ఫాంటు అవసరం లేని గీతలుగా మార్చి ఇవ్వండి. కర్వ్స్ చేయని ఫైలు ఇంకోటి మీ దగ్గర పెట్టుకుని, ఏ వరుస ఏ ఫాంటో అదే ఫోల్డర్‌లో రాసి ఉంచండి. అన్నట్టు, ఇప్పుడు కాఫీ ప్యాకెట్లు అచ్చువేసే ప్రెస్‌ను ఒకసారి అడిగి చూడండి. పాత కోరల్ ఫైలు వాళ్ల దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. తెరిచినప్పుడు ఫాంటు లేదని ఒక పెట్టె వస్తుంది, అందులో పేర్లు ఉంటాయి. ఓకే నొక్కేసే ముందు ఆ పెట్టెను ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. క్లారెండన్ అంకెల సంగతి కూడా దాంతో తేలిపోతుంది.